బొంత కుట్టే చేతులు, గూడు కుట్టే పిట్టలు

వానలు వెనుదిరిగి, ఆకాశం తేటబడి, నల్లరేగడి చేలలో తొలి పత్తికాయ విచ్చుకునే కాలం శరత్కాలం. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల రైతు కుటుంబాలకు తీరిక ఉండదు. ఒకవైపు పత్తి తీత, మరొకవైపు మిరప తోటల పని, పైన ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాను భయం. అయినా ఆ రోజులలోనే, సాయంకాలపు ఎండ మెత్తబడిన వేళ, పెరట్లో చాప పరచుకొని పాత చీరలు ముందేసుకొని కూర్చునే స్త్రీలు ఒకప్పుడు వాడవాడనా కనిపించేవారు. చలి ముదరక ముందే ఇంటిల్లిపాదికీ బొంతలు సిద్ధం కావాలి. వారు సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటే జామచెట్టు మీద పికిలిపిట్టలు, మందారం మీద తేనెపిట్టలు, గోడ మీద ఉడుతలు తమ తమ పనులలో ఉండేవి.

ఇప్పుడు బొంత స్థానంలో పాలిస్టరు కంబళి వచ్చింది. పెరటి స్థానంలో సిమెంటు గచ్చు వచ్చింది. ఈ రెండు మార్పులూ వేరువేరు సంగతులుగా కనిపిస్తాయి. కానీ ఆలోచిస్తే రెండింటి మూలం ఒక్కటే. వాడిన వస్తువుకు మరొక ఉపయోగం కనిపెట్టే ఓపికనూ, మనతో పాటు బ్రతికే మూగప్రాణికి ఇంటి ఆవరణలో కాస్త చోటు మిగిల్చే ఉదారతనూ మనం కలిపి పోగొట్టుకుంటున్నాము. ఈ రెండు గుణాలూ మన ధర్మం బోధించినవే. మన తెలుగు ముస్లిం పూర్వీకుల చేతివృత్తిలో నిలిచినవే. అందుకే ఈ శరత్కాలంలో బొంతను గురించీ, పెరటి ప్రాణులను గురించీ కలిపి మాట్లాడుకుందాము.

దూదితో మన చుట్టరికం

తెలుగునాట దూదికీ ముస్లింలకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. దూదేకుల, పింజారీ, లద్దాఫ్, నూర్‌బాషా అని ప్రాంతాన్ని బట్టి పలు పేర్లతో పిలువబడే మన సోదరుల వంశవృత్తి దూదిని ఏకి పరుపులు, దిండ్లు, రజాయిలు కుట్టడం. చిక్కుపడిన దూదిని పోగు పోగుగా విడదీసి మెత్తపరచడమే ఏకడం. ‘లద్దాఫ్’ అన్న మాట అరబీ భాషలోని ‘నద్దాఫ్’ నుండి వచ్చింది. దానికీ దూదేకేవాడనే అర్థం. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాలు దక్షిణ భారతదేశపు కులాలను వర్ణిస్తూ దూదేకులవారిని ఈ వృత్తితోనే గుర్తించాయి.

ఆ వృత్తి పనిముట్టు ఒక పెద్ద విల్లు. దానికి నరంతో చేసిన తంతి. దూది కుప్ప మీద ఆ తంతిని ఆనించి కొయ్య గుండుతో కొడితే తంతి అదిరి, గడ్డకట్టిన దూది విచ్చుకొని పైకి లేస్తుంది. దుమ్ము, నలుసులు కింద రాలుతాయి. ఆ విల్లును భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన దూదేకుల సాయిబుల తంతి మోత విని ఇల్లాళ్లు పాత పరుపులు బయట వేసేవారు. ఇప్పుడు ఆ పనిని యంత్రాలు చేస్తున్నాయి. విల్లు అటకలెక్కింది.

పని పోవడం కంటే బాధాకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఈ వృత్తిని, ఈ వృత్తివారి తెలుగు మాటను ఎగతాళి చేసే సామెతలు మన మధ్య చెలామణి అయ్యాయి. ఉర్దూ రానివారని సాటి ముస్లింల చిన్నచూపు ఒకవైపు, పేరును బట్టి పరాయివారిగా చూసే ఇరుగుపొరుగు మరొకవైపు. తాత చేతిలో విల్లు ఉండేదని చెప్పుకోవడానికి నేటికీ కొందరు పిల్లలు జంకుతారు. ఇది మన సమాజం సరిచేసుకోవలసిన విషయం.

మదరసాలో హదీసు పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు ఒక సంగతి తప్పక గుర్తుచేస్తుంటాను. హదీసు ఉల్లేఖకుల యోగ్యతను నిగ్గుతేల్చిన మహా పండితులలో బస్రా నగరానికి చెందిన యహ్యా బిన్ సయీద్ అల్‌ఖత్తాన్ (రహ్మ) ఒకరు. హిజ్రీ 198లో పరమపదించారు. ‘ఖత్తాన్’ అంటే దూది వర్తకుడు. వక్ఫు ధర్మశాస్త్రంపై ప్రామాణిక గ్రంథం రచించిన ఇమామ్ అబూబక్ర్ అల్‌ఖస్సాఫ్ (రహ్మ) చెప్పులు కుట్టి జీవించారు. ఆ పేరులోనే ఆ పని ఉన్నది. ఆ పండితులు తమ వృత్తి పేరును దాచుకోలేదు. దానితోనే చరిత్రకెక్కారు. దావూద్ ప్రవక్త (అలై) తన చేతి కష్టంతో సంపాదించినదే భుజించేవారని బుఖారీ హదీసు గ్రంథం చెబుతున్నది. సూదితో బట్టలు కుట్టిన తొలి మనిషి ఇద్రీస్ ప్రవక్త (అలై) అని తఫ్సీర్ గ్రంథాలలో ఒక కథనం ఉన్నది. ఇంతటి వరుసలో నిలిచే పనికి సిగ్గుపడవలసిన అవసరం ఏమున్నది?

ఇంకొక మాట. ప్రళయదినాన మహా పర్వతాలు ఏమవుతాయో వర్ణిస్తూ దివ్యఖుర్ఆన్‌లోని అల్‌ఖారిఅ సూరా వాటిని ఏకిన రంగురంగుల ఉన్నితో పోల్చింది. తంతి దెబ్బకు గడ్డ విచ్చుకొని గాలిలో తేలే దూదిని కళ్లారా చూసినవానికి ఆ పోలిక ఎంత భయంకరమైనదో వెంటనే అర్థమవుతుంది. యంత్రం లోపల ఏకబడే దూదిని చూడని నేటి పిల్లవానికి ఆ ఆయతును వివరించడానికి నాకు ఎక్కువ సమయం పడుతున్నది. చేతివృత్తి మరుగున పడితే దైవవాక్కులోని పోలిక కూడా కళ్లకు దూరమవుతుంది.

పాతది పారవేయని ఇల్లు

బొంత పేదరికపు గుర్తు అని భావించేవారున్నారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) పరుపు ఎలాంటిదో విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు. అది తోలు సంచి. దానిలో నింపినది ఖర్జూరపు పీచు. ఆయన (స) తన దుస్తులు తానే కుట్టుకునేవారనీ, చెప్పులు తానే బాగుచేసుకునేవారనీ కూడా ఆమె తెలిపారు. ఖలీఫాగా ఉన్న రోజులలో హజ్రత్ ఉమర్ (రజి) చొక్కాకు భుజాల నడుమ ఒకదాని మీద ఒకటిగా మూడు అతుకులు ఉండడం తాను చూశానని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన మాట ఇమామ్ మాలిక్ (రహ్మ) సంకలనం ‘ముఅత్తా’లో ఉన్నది. అతుకు వేసుకోవడం వారికి లోటు కాలేదు.

పాత బట్టను బొంతగా మార్చడం మన ఒక్కరి పద్ధతీ కాదు. సింధు ప్రాంతంలో ‘రిల్లీ’, బెంగాలులో ‘కాంథా’, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే ‘కవంది’ అన్నీ దీని అక్కచెల్లెళ్లే. సిద్దీలలో ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు ముగ్గురూ ఉన్నారు. బొంత మాత్రం అందరిదీ ఒకటే. వారు అంచు నుండి కుట్టడం ప్రారంభించి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న త్రికోణపు గుడ్డలు కుడతారు. వాటిని పూలు అంటారు. ఆ పూలు లేని బొంత వారి దృష్టిలో అసంపూర్ణమైనది.

బొంత కుట్టే విధానం

కుట్టు అలవాటు లేని సోదరీమణుల కోసం క్లుప్తంగా వివరిస్తాను. మన ఇళ్లలోని వృద్ధ స్త్రీలను అడిగితే ఇంతకంటే మెరుగైన మెళకువలు చెబుతారు.

పెద్దవారికి ఒక బొంత కావాలంటే నాలుగైదు పాత నూలు చీరలు చాలు. ఆరడుగుల పొడవు, నాలుగైదు అడుగుల వెడల్పు సరిపోతుంది. చీరలను ఉతికి, గంజి పూర్తిగా పోయేలా జాడించి, ఎండలో ఆరబెట్టాలి. గట్టిగా ఉన్న రెండు చీరలను పైకీ కిందికీ ఉంచుకొని, బాగా నలిగినవాటిని నడుమ పొరలుగా పరచాలి. నలిగిన నూలే మెత్తదనం ఇస్తుంది. నేలమీద ముడతలు లేకుండా పరచి మూలల మీద బరువులు పెట్టి, ముందుగా జానెడు దూరంలో కచ్చా కుట్లు వేసుకోవాలి. ఈ కుట్లు నడిమి నుండి అంచులకు సాగితే ముడతలు బయటికి పోతాయి. ఆ తరువాత అసలు కుట్టు. వేలెడు దూరంలో వరుస వెంట వరుస, పొరలన్నీ కలిసేలా సన్నని కుట్లు వేయాలి. మందపు సూది, గట్టి నూలు దారం, వేలికి అంగుస్తానా ఉంటే చాలు. పని పూర్తయిన తరువాత కచ్చా దారాలను లాగివేయాలి.

దూది నింపిన రజాయి అయితే పని వేరు. కొన్నేళ్లకు దూది గడ్డలు కడుతుంది. అప్పుడు పారవేయకుండా కుట్లు విప్పి, దూదిని ఎండబెట్టి, ఏకించి మళ్లీ నింపుకోవచ్చు. ఒకే దూది తల్లికీ కూతురికీ వెచ్చదనం ఇవ్వగలదు. పాలిస్టరు పీచుకు ఈ భాగ్యం లేదు. అది ఒకసారి ముద్దకడితే చెత్తకుప్పకే చేరుతుంది, నేలలో కలవదు. ఇక చలి తగ్గిన తరువాత బొంతను ఒక రోజంతా ఎండలో వేసి, ఎండు వేపాకు నడుమ ఉంచి మడిస్తే పురుగు పట్టదు.

మన శరత్కాలపు రంగులు

చలి దేశాలలో శరత్కాలం అంటే చెట్ల ఆకులు ఎరుపు, పసుపు రంగులకు మారి రాలే కాలం. అక్కడి స్త్రీలు ఆ రంగుల గుడ్డముక్కలతో బొంతలు కుడతారు. మన మైదానాలలో ఆ దృశ్యం లేదని విచారించనక్కరలేదు. మనకు మన రంగులున్నాయి.

పత్తిపువ్వును గమనించండి. విచ్చుకున్న రోజున లేత పసుపు. మరునాటికి గులాబీ రంగుకు మారుతుంది. ఆ పువ్వు రాలి, కాయ ఊరి, సుమారు నెలన్నర, రెండు నెలలకు విచ్చుకుంటే తెలుపు. చేను గట్టున తంగేడు పసుపు. మిరప ఆకు ముదురు పచ్చ. పుష్యమాసానికి పెరటి బాదం చెట్టు ఆకులు రాగి రంగుకు తిరిగి ఒక్కొక్కటే రాలుతాయి. సంక్రాంతి దాటిన తరువాత మిరప కల్లాలన్నీ ఎరుపు. ఆశ్వయుజంలో మొదలుపెట్టిన బొంతకు ఈ వరుసలో గుడ్డముక్కలు అతికితే, అది కప్పుకునే వస్త్రమే కాదు, మన నేల పంచాంగం కూడా అవుతుంది. పిల్లలు దానిని చూసి ఏ నెలలో ఏమి జరుగుతుందో చెప్పగలుగుతారు.

ఆకుల ఆకారం కోసం అచ్చు కొననక్కరలేదు. రాలిన బాదం ఆకును గుడ్డ మీద పెట్టి చుట్టూ గీత గీసి, అంచు మడవడానికి కాస్త అదనంగా ఉంచి కత్తిరిస్తే చాలు. ఒక చదరం మీద మరొక చదరాన్ని మూలగా తిప్పి కుడితే ఎనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. మసీదుల అలంకరణలో అందరూ చూసే ఆకారమిది. ప్రాణుల బొమ్మల జోలికి పోకుండా ఆకులు, తీగలు, కోణాలతో ఎంత అందమైన పని చేయవచ్చో మన పూర్వులు నిరూపించారు. ఒక్క జాగ్రత్త: పరుండే బొంత మీద అల్లాహ్ నామాన్ని గానీ, ఆయతులను గానీ కుట్టరాదు.

పెరట్లోని దర్జీ

బొంత కుట్టే స్త్రీకి సాటివచ్చే మరొక కుట్టుపనివారు మన పెరట్లోనే ఉన్నారు. పిడికిట్లో ఇమిడే ఆకుపచ్చ వీపు, గోధుమ ఎరుపు నెత్తి, నిక్కిన తోక ఉన్న చిన్న పిట్ట. ఆకారానికి మించిన గొంతుతో ఎడతెగక కూస్తుంది. దర్జీపిట్ట అని పిలవడం దానికి అన్ని విధాలా తగును. వెడల్పాటి ఆకు ఒకటి ఎంచుకొని దాని అంచుల వెంట ముక్కుతో సన్నని రంధ్రాలు పొడుస్తుంది. పత్తి పోగులను, సాలెపురుగు దారాన్ని ఆ రంధ్రాలలో దూర్చి రెండు అంచులనూ దగ్గరికి లాగి కుడుతుంది. ఆకు చాలకపోతే పక్క ఆకును కలుపుతుంది. ఈ పని ఎక్కువగా ఆడపిట్టే చేస్తుంది. అది వేసేది ఒకే దారపు వరుస కుట్టు కాదు. ఒక్కొక్క రంధ్రానికీ విడివిడి కుట్టు. దారపు కొస ఆకు అవతల విచ్చుకొని ముడిలాగా పట్టి ఉంచుతుంది. ఆ ఆకు సంచిలో మెత్తని దూది పరచి గుడ్లు పెడుతుంది. ఆకు చెట్టుకు అంటుకొనే ఉంటుంది కాబట్టి పచ్చగానే ఉండి, గూడు ఎవరి కంటికీ ఆనదు.

తమ దూది, తమ సూది, తమ బొంత! నేలమీది జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మీవంటి సమాజాలేనని దివ్యఖుర్ఆన్ అల్‌అన్‌ఆమ్ సూరాలో బోధించిన సత్యానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ పిల్లలకు ఏమి చూపగలము?

తేనెపిట్ట కూడా సాలెగూటి దారంతో వేలాడే గూడు అల్లి లోపల దూది పరుస్తుంది. ఉడుత సంగతి చెప్పనక్కరలేదు. ఎండలో వేసిన పాత పరుపు చిరుగు కనిపిస్తే నోటి నిండా దూది లాగి చెట్టెక్కుతుంది. గదమాయించే ముందు ఆ దూది ఎక్కడికి పోతున్నదో ఒకసారి చూడండి. అక్కడ దాని పిల్లలుంటాయి.

పెరటికి వచ్చే అతిథులు

శరత్కాలంలో పెరడు కళకళలాడుతుంది. వానలకు మొలిచిన పచ్చదనం మీద పురుగులు, పురుగుల కోసం పిట్టలు, పండిన సీతాఫలాల కోసం ఉడుతలు, గబ్బిలాలు. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పక్షిరెట్టలాగా కనిపించే చిన్న పురుగును నలిపివేయకండి. అది పెరిగి ఆకుపచ్చగా మారి, గూడు కట్టుకొని, పసుపు మచ్చల సీతాకోకచిలుకగా బయటికి వస్తుంది. కొద్ది ఆకులు పోయినంత మాత్రాన చెట్టు చావదు.

తలమీద విసనకర్ర వంటి తురాయి, పొడవాటి వంపు ముక్కు, నలుపు తెలుపు చారల రెక్కలతో నేలమీద నడుస్తూ పురుగులు ఏరుకునే పిట్ట కనిపిస్తే పిల్లలను పిలిచి చూపించండి. అదే హుద్‌హుద్. సులైమాన్ ప్రవక్త (అలై)కు సబా రాణి వార్త మోసుకొచ్చినట్లు అన్నమ్ల్ సూరాలో ప్రస్తావించబడిన పక్షి అదే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం తీరాన్ని తాకిన తుపానుకు ఒమన్ దేశం సూచించిన పేరు కూడా ఈ పక్షిదే. తెలుగువారికి ఆ పేరు చెప్పగానే విధ్వంసమే గుర్తుకు వస్తుంది. పిట్ట మాత్రం పరమ సాధువు. చీమ, తేనెటీగలతో పాటు హుద్‌హుద్‌ను చంపరాదని దైవప్రవక్త (స) వారించినట్లు అబూదావూద్ గ్రంథంలో ఉన్నది.

గుడ్లగూబ కూస్తే అపశకునమని దానిని రాళ్లతో తరిమేవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. పక్షులతో శకునాలు చూడడాన్నీ, రాత్రి పక్షిని గురించిన అజ్ఞానకాలపు మూఢనమ్మకాన్నీ దైవప్రవక్త (స) స్పష్టంగా ఖండించారు. ధాన్యపు గాదెలనూ, పత్తి గోదాములనూ పాడుచేసే ఎలుకలను రాత్రివేళ పట్టి తినే కావలిదారు ఆ గుడ్లగూబే.

ఇక చిలుక. 2018 నుండి రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. మన నాలుకను మండించే పండుమిరపను అది ఎలా నమిలి మింగుతుందని పిల్లలు అడుగుతారు. మిరపలోని ఘాటు పదార్థం మన నాడులలోని ఒక గ్రాహకాన్ని తాకితే మంట తెలుస్తుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పక్షులలో ఆ గ్రాహకం మిరప ఘాటుకు స్పందించదు. అడవి మిరప గింజలు పక్షుల వల్లనే దూర ప్రాంతాలకు వ్యాపిస్తాయి. గింజను నమిలి నాశనం చేసే జంతువును ఘాటు ఆపుతుంది. గింజను మోసుకుపోయే పక్షికి అదే ఆహారమవుతుంది. సృష్టికర్త ఏర్పాటులోని సూక్ష్మం ఇది.

పక్షుల పట్ల ప్రేమకు మనకు దగ్గరి ఆదర్శాలు కూడా ఉన్నాయి. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు గ్రామ చెరువులలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి గూళ్లు కడతాయి. ఊరివారు వాటిని కాపాడుకుంటున్నారు. చెట్లు చాలక ఇనుప కొమ్మలతో కృత్రిమ వృక్షాలు కూడా నిలిపారు. భారతదేశ పక్షిశాస్త్రానికి పితామహుడనదగిన సాలిం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలోని ముస్లిం కుటుంబంలో జన్మించారు. చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. 1930 దశకపు ఆరంభంలో హైదరాబాదు సంస్థానమంతటా తిరిగి పక్షులను నమోదు చేశారు. ఊరపిచ్చుకల కోసం పాటుపడుతున్న నాసిక్‌వాసి ముహమ్మద్ దిలావర్ కృషి వల్ల 2010 నుండి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుకుంటున్నారు.

చేనిలోని విషం, పెరట్లోని చోటు

ఇంతవరకు చెప్పినదంతా కాలక్షేపమని భావించవద్దు. పత్తి, మిరప పురుగుమందులు అధికంగా కోరే పంటలు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తింది. అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మితిమీరి చల్లిన మందులు తెల్లదోమను తినే సాలెపురుగులను, అక్షింతల పురుగులను ముందుగా చంపడం ఆ విపత్తుకు ఒక ముఖ్య కారణం. 2021-22లో మిరప తోటలను నల్ల తామరపురుగు తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టినా ఆగలేదు. పురుగును తినే పురుగు, పిట్ట బ్రతికి ఉండడం రైతుకు వినోదం కాదు, రక్షణ.

చేనిలో మందు మానడం ఒక్కరోజులో సాధ్యం కాదని తెలుసు. కానీ పెరడు మన అధీనంలో ఉన్నది. నలువైపులా మందు కొట్టే చేల నడుమ మందు పడని పది గజాల జాగా ఉంటే, దర్జీపిట్టకు, సాలెపురుగుకు, తొండకు అది ఆశ్రయమవుతుంది. ఒక ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గానీ, పశువు గానీ, పక్షి గానీ తింటే అది అతని ఖాతాలో సదఖాగా నమోదవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. చిలుక కొరికిన జామకాయను చూసి విసుక్కునే ముందు ఆ హదీసును తలచుకోవాలి. ఒక ప్రయాణంలో సహచరులు పిట్ట పిల్లలను పట్టుకోగా తల్లిపిట్ట వచ్చి రెక్కలు కొట్టుకోవడం చూసి, పిల్లలను తిరిగి ఇచ్చివేయమని ఆయన (స) ఆదేశించారు. పంజరం కొనిపెట్టమని మారాం చేసే పిల్లలకు ఈ సంఘటన వినిపించండి.

కొన్ని సులభమైన పనులు ఉన్నాయి. వెడల్పాటి మట్టిమూకుడులో రెండంగుళాల లోతు మించకుండా నీళ్లు పోసి నీడలో ఉంచి, రోజూ మార్చాలి. నూకలు, సజ్జలు, కొర్రలు గుప్పెడు చల్లవచ్చు. ఉప్పు, కారం కలిసిన మిగులు వంటకాలు పెట్టకూడదు. విత్తనశుద్ధి మందు కలిపిన గింజలను, ఖాళీ మందు డబ్బాలను పిట్టలకూ పిల్లలకూ అందేలా ఉంచరాదు. రాలిన ఆకులన్నీ ఊడ్చి కాల్చకుండా ఒక మూలన కుప్పగా వేస్తే పురుగులకు ఇల్లు, చెట్టుకు ఎరువు.

బొంత కుట్టేవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. కత్తిరించిన పొడవాటి దారాలను, నైలాను పోగులను పెరట్లో పారవేయకండి. పిట్టలు వాటిని గూటికి మోసుకుపోతాయి. అవి పిల్లల కాళ్లకు చుట్టుకొని బిగుసుకుంటాయి. రంగు వేయని శుభ్రమైన దూది చిన్న చిన్న తుంపులుగా కొమ్మ సందున ఉంచితే మేలు. మన బొంతలో మిగిలిన దూది వాటి గూటిలో పరుపు అవుతుంది.

ఈ మాసంలో చేయవలసినది

మన ఇళ్లలో బొంత కుట్టడం తెలిసిన నానీలు, దాదీలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వారి కంటిచూపు తగ్గుతున్నది. వేళ్లు వణుకుతున్నాయి. వారితో పాటే ఈ విద్య కూడా మట్టిలో కలిసిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఏ సెలవు రోజునైనా ఆమె పక్కన మనుమరాలినీ, మనుమడినీ కూడా కూర్చోబెట్టండి. సూది పట్టడం మగవానికి చిన్నతనం కాదని సున్నత్ చెబుతున్నది. మొదటి కుట్టు ఆమెచేత వేయించండి. చుట్టూ వినిపించే పిట్టల పేర్లు కూడా ఆమెనే అడగండి. ఆ పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు. దూదేకుల కుటుంబమైతే అటక మీది విల్లును దించి, దుమ్ము తుడిచి, తాత ఆ తంతిని ఎలా మోగించేవాడో పిల్లలకు చూపించండి.

మీ ఇంట్లోని ఆ బొంత పూర్తయ్యేసరికి మాఘమాసం వస్తుంది. కల్లాల మీద మిరప ఎర్రబడుతుంది. ఆ ఎరుపు గుడ్డముక్కను చివరగా అతకండి. ఆ బొంతను ఇంట్లో ఎవరు కప్పుకోవాలో ముందే నిర్ణయించుకోకండి. చలికి వణుకుతూ మసీదు అరుగు మీద పడుకునే బాటసారి ఒకడు ప్రతి ఊరిలోనూ ఉంటాడు. మన చేతితో కుట్టిన బొంత అతని మీద కప్పినప్పుడు, మన పెరటి చెట్టు మీద ఒక పిట్ట నిశ్చింతగా నిద్రించినప్పుడు, ఆ ఇంటిపై అల్లాహ్ కారుణ్యం వర్షిస్తుందని ఆశించవచ్చు. అల్లాహ్ మనందరికీ చేతిపనిని గౌరవించే మనసును, మూగప్రాణిని ఆదరించే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.